పాపకు ఆరు వారాలుగా రాత్రి దగ్గు, ఇన్‌హేలర్‌తో ఎన్ని రోజులకు తగ్గింది?

మాది మిర్యాలగూడ. పాపకు ఐదేళ్లు, బరువు 16 కిలోలు. జలుబుతో మొదలైన దగ్గు ఆరు వారాలైనా పోవట్లేదు. పగలు ఆటలో పరుగెత్తితేనే వస్తుంది. రాత్రి మాత్రం రెండు, మూడు గంటల మధ్య లేచి అరగంట ఆపకుండా దగ్గుతుంది, ఒక్కోసారి తెమడతో వాంతి. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది. ఇంట్లో ఎవరికీ టీబీ లేదు.

ఐదు రోజులు యాంటీబయాటిక్, రెండు రకాల దగ్గు సిరప్‌లు అయిపోయాయి. అత్తమ్మ తులసి, మిరియాల కషాయం, పడుకునే ముందు చెంచా తేనె ఇచ్చింది. తేనెతో కాసేపు నెమ్మదిస్తుంది, అంతే. మా వెనక వీధిలోనే రైస్ మిల్లు. వడ్ల సీజన్‌లో ఊక దుమ్ము కిటికీ చువ్వల మీద వేలితో గీస్తే గీత పడేంత ఉంటుంది. కిటికీలు మూసే ఉంచుతున్నాం.

పిల్లల డాక్టర్ ఆస్తమా లాంటిదే అని బుడెసొనైడ్ (శ్వాసనాళాల వాపు తగ్గించే మందు) ఇన్‌హేలర్, దానికి తగిలించే మాస్క్ ఉన్న గొట్టం (స్పేసర్) రాశారు. పొద్దున, రాత్రి రెండేసి పఫ్‌లు. మాస్క్ మొహానికి గట్టిగా ఆనించి, ఒక్కో పఫ్‌కి పది శ్వాసలు లెక్కపెట్టి, తర్వాత నోరు కడిగిస్తున్నాను. పన్నెండు రోజులైంది. వాంతులు తగ్గాయి, దగ్గుకు లేవడం తగ్గలేదు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని చుట్టాలు భయపెడుతున్నారు, అది నేను పట్టించుకోవట్లేదు. మళ్లీ చూపించాల్సింది నెల తర్వాత.

ఇలాంటి రాత్రి దగ్గుకు మీ పిల్లలకు స్పేసర్‌తో ఇన్‌హేలర్ వాడినవాళ్లు చెప్పండి: మొదలుపెట్టిన ఎన్ని రోజులకు రాత్రి లేవకుండా పడుకున్నారు?