రెండు రోజులు ఆపితే బ్యాటరీ డౌన్: బాగుచేయించాలా, లోన్‌లో వేరే కారు కొనాలా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. 2014 పెట్రోల్ కారు. రెండు రోజులు బయటికి తీయకపోతే మూడో రోజు సెల్ఫ్ కొట్టదు, టిక్ టిక్‌మంటుంది. బ్యాటరీ వేయించి మూడు నెలలే. మెకానిక్ ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) మార్చాలంటున్నాడు. నాన్నను వారానికి రెండుసార్లు తెల్లవారుజామున డయాలసిస్‌కు తీసుకెళ్లాలి, అదే టెన్షన్. బావగారేమో అమ్మేసి వేరేది కొనమంటున్నారు: 4 లక్షల లోన్, 5 ఏళ్లు, 7 శాతం ఫ్లాట్.

జవాబు 1: ఆటోనగర్‌లో వైరింగ్ పని చేస్తానండి. తొందరపడి ఆల్టర్నేటర్ మార్చకండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు వస్తే ఛార్జింగ్ బాగున్నట్టే. తర్వాత బండి ఆపి, తాళం తీసి, అరగంట ఆగి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్యలో కరెంట్ కొలిచే మల్టీమీటర్ పెట్టించండి. 10 ఆంప్స్ సెట్టింగ్‌లోనే. మీటర్ ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటర్ పోతుంది. 50 మిల్లీఆంప్స్ దాటితే ఎక్కడో కరెంట్ లాగుతోంది. ఒక్కో ఫ్యూజు తీస్తూ చూడండి, రీడింగ్ ఎక్కడ పడిపోతే తప్పు ఆ లైన్లోనే. అన్నీ తీసినా తగ్గకపోతే అప్పుడు ఆల్టర్నేటర్ డయోడ్‌ని (బ్యాటరీ కరెంట్ వెనక్కి పోకుండా ఆపేది) అనుమానించాలి.

జవాబు 2: ఫ్లాట్ అన్న మాట దగ్గర ఆగండి. 4 లక్షలకు 5 ఏళ్లలో వడ్డీ 1,40,000, నెలకు 9,000. అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు. మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే బ్యాంకు లెక్కలో అది దాదాపు 12.5 శాతం.

అడిగినవారు: 380 మిల్లీఆంప్స్ చూపించింది! స్టీరియో ఫ్యూజు తీయగానే 30కి పడిపోయింది. బయట పెట్టించిన స్టీరియోకు తాళంతో ఆగాల్సిన వైరును నేరుగా బ్యాటరీ లైనుకు కలిపారట. వైరు మార్పించాను. నాలుగు రోజులు ఆపి చూశాను, ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది. లోన్ వద్దని బావగారికి చెప్పేశాను. చాలా థాంక్సండీ.