ఉగ్గాని–బజ్జి: ఇంటర్ రోజుల్లో మీ జట్టు తిండి ఏది?

కర్నూలోడు
2004లో కర్నూల్లో ఇంటర్. పొద్దున ఆరుకు లెక్కల ట్యూషన్, ఏడున్నరకు వీధి చివర బొరుగుల ఉగ్గాని బండి. మేం ఐదుగురం, జేబుల్లో చిల్లరంతా కలిపితే రెండు ప్లేట్ల ఉగ్గాని, నాలుగు బజ్జీలు వచ్చేవి. మాలో ఒకడు కారం తినలేడు. బజ్జీని చీల్చి, పిండి తిని, మిరపకాయ మాకిచ్చేవాడు. వాము ఉప్పు దట్టించిన ఆ కాయను ఉగ్గానిలో నలిపి తింటే, అబ్బ! మిరపకాయ కోసం కొట్టుకునేవాళ్లం.

వచ్చే వారం డల్లాస్‌లో మా ఇంట్లో ఐదుగురం కలుస్తున్నాం. రెండుసార్లు చేసి చూశా, ఉగ్గాని ముద్దయిపోయింది. ఎవరైనా చెప్పండి.

అనంతపురం అక్క
నువ్వు బొరుగులు నానబెడుతున్నావు తమ్ముడూ, అదే తప్పు. మన సీమ బొరుగులు గట్టివి, నీళ్లలో ముంచి వెంటనే పిండేస్తే సరిపోతాయి. అక్కడ దొరికేవి గుల్ల మరమరాలు, ముంచితే గంజే. జల్లెడలో పోసి నీళ్లు చిలకరించు, చేత్తో ఎగరెయ్యి, అంతే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో బాగా మగ్గాక పసుపు, ఉప్పు, ఆపైన బొరుగులు. పుట్నాల పొడి మాత్రం పొయ్యి ఆపాకే చల్లాలి. అదే మిగిలిన తడిని పీల్చుకుంటుంది. నిమ్మకాయ చివర్న.

బెజవాడ పునుగు
మాకు పునుగులు. కాగితం పొట్లంలో పోసి పైన అల్లం చట్నీ వేసేవాడు, అడుగు తడిసి చిరిగేలోపు ఆరుగురం ఖాళీ చేయాలి. కానీ అన్నా, మిరపకాయలో వామేంటి? మా వైపు చింతపండు గుజ్జు పెడతారు.

అనంతపురం అక్క
చింతపండు పెడితే ఉగ్గానిలో నిమ్మకాయ పులుపు తెలీదమ్మా. వామే పెట్టాలి.

నాంపల్లి చాయ్
హైదరాబాద్‌లో మా అడ్డా ఇరానీ హోటల్. అడక్కుండానే ప్లేటు నిండా చిన్న ఉల్లి సమోసాలు తెచ్చిపెడతారు, తిన్నవాటికే లెక్క. పదో తరగతి పరీక్షలయ్యాక నలుగురం రెండు చాయ్‌లు సగం సగం పోసుకుని గంటలు కూర్చున్నాం. ఎవరెన్ని తిన్నారో ఎప్పుడూ లెక్కేసుకోలేదు, ఉన్నోడు కట్టేవాడు. వాళ్లలో ఇద్దరితో ఇప్పటికీ రోజూ మాట్లాడతా.

కర్నూలోడు
అక్కా, నిన్న కలిశాం. నువ్వు చెప్పినట్టే చిలకరించా, పొడిపొడిగా వచ్చింది. పుట్నాల పొడి కాస్త ఎక్కువే పడింది, ఎవరూ పట్టించుకోలే. తలా ఒక ప్లేటు పెట్టా. రెండు నిమిషాల్లో అన్నీ తెచ్చి ఒకే పళ్లెంలో కుమ్మరించారు. బజ్జీలు ఇరవై వేశా. మావాడు ఇప్పటికీ మిరపకాయ తినలేడు, తీసి పళ్లెం అంచున పెట్టాడు. నలుగురం ఒకేసారి చెయ్యి పెట్టాం.