అప్‌డేట్: నది మంచుగడ్డపై స్నోమొబైల్ వేడెక్కే సమస్య తీరింది

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర గడ్డకట్టిన టనానా నది మీద, ఐరన్ డాగ్ అనే స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) పందెం గతంలో సాగిన దారిలో వెళ్తుంటే, మైనస్ 30 డిగ్రీల చలిలోనూ ఇంజన్ వేడెక్కి హెచ్చరిక దీపం వెలుగుతోంది, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

థర్మోస్టాట్, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పంపు రెండూ భేషుగ్గా ఉన్నాయి. పెట్రోలుకూ దీనికీ సంబంధమే లేదు. మెకానిక్ బానెట్ తెరవకుండానే ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా) కింద చేయి పెట్టి చూశారు. ట్రాక్ జారుతూ తిరిగే ప్లాస్టిక్ పట్టీలు, అంటే స్లైడ్లు, ఒకచోట కరిగి, ట్రాక్ క్లిప్పులకు నల్లగా అంటుకుని ఉన్నాయి. ఈ బండికి కారులో లాంటి రేడియేటర్ లేదు. ట్రాక్ ఎగజిమ్మే పొడిమంచు పైనున్న కూలర్లకు తగిలితేనే కూలెంట్ చల్లబడుతుంది, స్లైడ్లకూ ఆ మంచే తడి. గాలికి పైమంచు కొట్టుకుపోయిన నున్నటి మంచుగడ్డ మీద ఆ పొడి ఎక్కడిది?

‘ఐస్ స్క్రాచర్లు బిగించు’ అన్నవారి మాటే నిజమైంది. ఆ ఉక్కు తీగలు గడ్డను గీకి పొడిని లోపలికి చిమ్ముతాయి. స్లైడ్లు కూడా మార్పించాను. అదే నది, అదే వేగం, దీపం మళ్లీ వెలగలేదు. నాకు అమర్చిన రకాన్ని మాత్రం రివర్స్ వేసేముందు పైకెత్తి తగిలించాలి, లేకపోతే వంగిపోతాయి.