మనోళ్ళ ఆల్బం నచ్చకపోతే నచ్చలేదని రాయొచ్చా, గమ్మునుండాలా?

పెన్నకట్ట (నెల్లూరు)

మొన్న శుక్రవారం కావలి కుర్రాళ్ళు ముగ్గురు ఒక ఆల్బం వదిలారు. 7 పాటలు, 31 నిమిషాలు. సినిమాతో సంబంధం లేదు, వెనక కంపెనీ లేదు. ఇండీ అంటారే, ఇట్టాంటివి వెతుక్కోవడం నాకు పన్నెండేళ్ళ పిచ్చి. శుక్రవారం రాత్రి అన్నం తిని, పాడినోళ్ళే తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో తెలుగు అనే ట్యాగు కొట్టి అడుగు దాకా పోతా. స్పాటిఫై తనంతట తాను చూపించే కొత్త పాటల్లో నాకు తగిలేదంతా హైదరాబాదే. నెల్లూరు అనో ఒంగోలు అనో కనపడిందంటే ఆ రోజు పండగే. ఇదీ అట్టానే దొరికింది.

విన్నా, నాలుగు పేరాల రివ్యూ రాసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టా. అందులో ఏముందో ఇక్కడ చెప్తా. మొదటి రెండు పాటలు బాగున్నాయి, రెండోదాంట్లో బేస్ గిటారు నడక కోసమే మళ్ళీ వినొచ్చు. మూడో పాట 6 నిమిషాల 40 సెకన్లు, పాడేవాడి గొంతు బావిలో పడ్డట్టుంది, వెనక ఎవరిదో పాత రికార్డు అంటించారు, ఎందుకో తెలియదు. ఐదు నుంచి ఏడు దాకా ఒకే పాటని మూడు తూర్లు విన్నట్టుంది. పదికి ఐదున్నర.

తెల్లారేసరికి ఫోన్లే ఫోన్లు. ‘నీకు ఊరి మీద ప్రేమ లేదబ్బా’ అని ఒకాయన. ‘రెండొందల మంది కూడా వినని పాట మీద కత్తి తీయాల్నా’ అని ఇంకొకాయన.

నేననేది ఒకటే. బాగుందని నేను రాసిన మాటని మీరు నమ్మాలంటే, బాగాలేనప్పుడు బాగాలేదని కూడా రాసుండాలి. మా గ్రూపులో ఎవరి పాట వచ్చినా చప్పట్ల బొమ్మలు, నిప్పు బొమ్మలు. ఆ బొమ్మలు పెట్టినోళ్ళలో రెండో పాట దాకా పోయినోళ్ళు ఎంతమంది? మీరేమంటారో చెప్పండి. ఆల్బం పేరు మాత్రం ఇక్కడ రాయను. పిల్లోళ్ళని ఇంకో చోట రచ్చకీడ్చడం ఇష్టం లేదు.

చేపలపులుసు (నెల్లూరు)

ఐదున్నర ఏందన్నా? ఇంటర్లో 35 వస్తే పాసంటారు. నీ దగ్గర ఐదున్నరంటే పాసా, ఫెయిలా?

పెన్నకట్ట

పాసే. పిచ్‌ఫోర్క్ అని అమెరికా వెబ్ పత్రిక ఉంది, 1996లో మొదలైంది. పదికి దశాంశాలతో సహా మార్కులేస్తారు. అది చదివే రివ్యూలు రాయడం నేర్చుకున్నా.

చేపలపులుసు

పులుసు రుచి చూసి ఆరు పాయింటు మూడు అని చెప్పుంటే మా అమ్మ గరిటె తిరగేసేది.

పొగతోట (నెల్లూరు)

నేను లెక్క చెప్తా. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట 12 నెలల్లో వెయ్యి సార్లు మోగకపోతే దానికి పైసా రాదు. ఆ మోగడం కూడా 30 సెకన్లు వింటేనే ఒకటి కింద లెక్క. ఈ కుర్రాళ్ళ పాట వెయ్యికి చేరాలంటే మన గ్రూపులాంటివే దిక్కు. నీ రివ్యూ చదివి, ఐదున్నరేగా అని సగం మంది నొక్కకుండా పోతే ఆ నష్టం ఎవరిది? సినిమా పాటని ఎంతైనా తిట్టు, దాని వెనక హీరో ఉండాడు, ఫ్యాన్సుండారు. వీళ్ళకెవరుండారు? నచ్చిన వాటి గురించి రాయి. నచ్చనివి వదిలెయ్. వదిలెయ్యడం అబద్ధం కిందికి రాదు.

పెన్నకట్ట

వస్తది. హైదరాబాదులో అయితే వదిలేసినా ఎవరికీ తెలియదు. మన రెండు జిల్లాల్లో ఏడాదికి ఆల్బం అని వచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ముగ్గురి గురించి రాసి నాలుగోవాడి గురించి నోరు మూసుకుంటే, నాలుగోవాడికి అదే రివ్యూ. అందులో కారణం కూడా ఉండదు. ఇంకా అన్యాయం.

డబ్బు సంగతంటావా, నేను బ్యాండ్‌క్యాంప్‌లో 3 డాలర్లు కట్టి కొన్నా. డిజిటల్ అమ్మకం మీద వాళ్ళు పట్టుకునేది 15 శాతం, చెల్లింపు చార్జీలు పోను మిగతాది కుర్రాళ్ళదే. ఫోన్ చేసి తిట్టినోళ్ళలో ఎవరు కొన్నారో అడుగు.

ఇంకో సంగతి. బాలు గారు మద్రాసులో పాటల పోటీలో పాడితే సంగీత దర్శకుడు కోదండపాణి గారు విని ఎంచుకున్నారు. 1966లో మొదటి సినిమా పాట పాడించారు. పోటీ అంటే మార్కులేగా? పాడినోళ్ళందరికీ మొదటి బహుమతి ఇచ్చుంటే బాలు ఎవరి కంట పడుండేవాడు?

చేపలపులుసు

నెల్లూరోళ్ళ చర్చలో బాలు గారు రావడానికి ఆరు పోస్టులు పట్టింది. లేటే.

పొగతోట

కోదండపాణి గారు మార్కులేసి ఇంటికి పోలేదన్నా. పిలిచి తన సినిమాలో పాట ఇచ్చాడు. అందుకే బాలు గారు తన స్టూడియోకి ఆయన పేరు పెట్టుకున్నాడు. ఐదున్నర ఇచ్చినోడి పేరు ఎవరు పెట్టుకుంటారు?

సింగరాయకొండ (ప్రకాశం)

రెండేళ్ళ కిందట నేనూ నాలుగు పాటలు వదిలా. అందరూ సూపర్ అన్నారు. ఏ పాట బాగుందని అడిగితే అన్నీ అన్నారు. మా బావ ఒక్కడే, రెండో పాటలో డ్రమ్ములు కుట్టు మిషను తొక్కినట్టున్నాయిరా అన్నాడు. ఆ రాత్రి అన్నం సయించలా. కానీ నా పాట చివరి దాకా విన్నది మా బావ ఒక్కడేనని అప్పుడే తెలిసింది. డ్రమ్ములు మిషన్తోనే చేశా మరి.

పెన్నకట్ట అన్నా, నీ రివ్యూ నా ఆల్బం మీద వచ్చుంటే తిట్టుకునేవాణ్ణి, స్క్రీన్‌షాట్ కూడా తీసి దాచుకునేవాణ్ణి.

రేడియో మాష్టారు (కావలి)

ఇండీ అనే మాట మీకు కొత్త గానీ సరుకు పాతదే నాయనా. మేము ప్రైవేటు పాటలు అనేవాళ్ళం. ఘంటసాల గారి పుష్పవిలాపం ఏ సినిమా కోసమూ పాడింది కాదు. కరుణశ్రీ గారి పద్యాలు, గ్రామఫోను రికార్డుగా ఇల్లిల్లూ చేరాయి. బాలసరస్వతీదేవి గారివి, ఎం.ఎస్. రామారావు గారివి కూడా ప్రైవేటు రికార్డులుండేవి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో పెట్టారు. అందులో ఈ మాసపు పాట అని వచ్చేది. నెలంతా అదే లలిత గీతం. మొదటి వారం ‘ఇదేం పాట’ అనిపించిందే నాలుగో వారానికి స్నానం చేస్తుంటే నోట్లో ఆడేది. నచ్చిందో లేదో మాకు నెలాఖరుకి గానీ తెలిసేది కాదు.

నీవేమో శుక్రవారం రాత్రి విని శనివారం పొద్దునకి మార్కులు వేసేశావు. నిజం చెప్పు, ఎన్నిసార్లు విన్నావు?

పెన్నకట్ట

రెండు సార్లు మాష్టారూ. మూడో పాట ఒకటిన్నర సారి.

మైకుసెట్టు (ఒంగోలు)

దేంట్లో విన్నావన్నా?

పెన్నకట్ట

వంటింట్లో ఉండే బ్లూటూత్ స్పీకరు. గుండ్రంగా ఉంటది, ఒకటే.

మైకుసెట్టు

దొరికింది.

పెళ్ళిళ్ళకి, పాటకచేరీలకి సౌండు పెట్టడం నా పని, ఇరవై ఏళ్ళుగా అదే తిండి. మీ గ్రూపులో లింకు ఉంది గదా, ఇప్పుడే మూడో పాట ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నా. గొంతు బ్రహ్మాండంగా ఉంది, తల చుట్టూ తిరిగినట్టుంది. తర్వాత ఫోను సెట్టింగుల్లో మోనో ఆడియో అని ఉంటది, ఎడమ కుడి రెండిటినీ కలిపి ఒకటి చేసేది, అది నొక్కి విన్నా. గొంతు మాయం. నువ్వు పాత రికార్డన్నావే, ఆ కొమ్ము, డప్పు, ముసలాయన పాట మాత్రం అట్టే ఉండాయి.

సంగతేందంటే, గొంతు వెడల్పుగా వినపడాలని కుర్రాళ్ళు ఆశపడ్డారు. అదే గొంతుని తిరగేసి రెండో పక్క పెట్టారు. అంటే ఎడమ స్పీకరు అట్ట ముందుకొచ్చే క్షణాన కుడిది వెనక్కి పోద్ది. రెండు చెవులకీ విడివిడిగా అందితే వెడల్పు. రెండిటినీ కలిపి ఒకే స్పీకర్లో పోశావా, ఒకదాన్నొకటి తినేస్తయ్. ఐదులోంచి ఐదు తీసేసినట్టు. మా కుర్రాడు పందిట్లో హడావిడిగా ఒక బాక్సుకి ప్లస్సు, మైనస్సు వైర్లు తారుమారు చేసి బిగిస్తే బేస్ మొత్తం ఎగిరిపోద్ది. నాలుగు బాక్సులుండి కూడా గుండెకి తగలదు. అదే జబ్బు ఇక్కడ గొంతుకొచ్చింది.

నీ రివ్యూలో గొంతు బావిలో పడ్డదన్నావ్ గదా, ఆ బావి మీ వంటింట్లో ఉండాది.

పొగతోట

అంటే రివ్యూయే తప్పు! తీసెయ్ అన్నా, వాళ్ళకి సారీ చెప్పు.

మైకుసెట్టు

అట్టెట్టా కుదురుద్ది? మన వైపు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కళ్ళు మూసుకొని వినేది ఎంతమంది? టీ కొట్లో బల్ల మీద ఫోను, ఆటోలో ఒక స్పీకరు, పొలంలో ట్రాక్టరు మీద ఇంకోటి. మిక్సు బయటికి పంపే ముందు ఒక్కసారి మోనోలో విని చూసుకోవడం ఒకటో తరగతి పాఠం. ఆయన చెవిన పడింది ఆయన రాశాడు, రేపు టీ కొట్టోడికీ అదే వినపడుద్ది. రివ్యూ చూసి కుర్రాళ్ళు మళ్ళీ మిక్సు చేసుకుంటే ఫైలు మార్చి ఎక్కించొచ్చు. సూపర్ సూపర్ అనుకుంటా కూర్చుంటే ఎప్పటికి తెలిసేది?

కనిగిరి పిల్ల (ఇప్పుడు చెన్నై)

అన్నలూ, మీరంతా గొంతు దగ్గర కొట్టుకుంటున్నారు. ‘వెనక ఎవరిదో పాత రికార్డు అంటించారు, ఎందుకో తెలియదు’ అన్న ముక్క చూసి నాకు కడుపు మండింది.

అది రికార్డు అంటించడం కాదు. కాటమరాజు కథ. కొమ్ములవాళ్ళు పాడేది. మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో కొలుపులప్పుడు రాత్రంతా పాడేవాళ్ళు, నేను ఆమె ఒళ్ళో నిద్రపోయి లేచినా కథ నడుస్తానే ఉండేది. ఆవుల మందల్ని తోలుకొని కాటమరాజు నెల్లూరు రాజు బీళ్ళలోకి వచ్చాడు. మేపినందుకు పుల్లరి కట్టమన్నారు. కట్టనన్నాడు. ఆ తగాదా పెరిగి ఎర్రగడ్డపాటి యుద్ధమైంది. నెల్లూరు తరఫున కత్తి పట్టుకొచ్చింది ఖడ్గతిక్కన.

ఇప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినండి. కుర్రాడు పాడేది టంగుటూరు టోల్‌గేటు దగ్గర ఆగిన లారీ డ్రైవరు గురించి. ముసలాయన పుల్లరి అన్నచోటల్లా కుర్రాడు టోలు అంటాడు. ఆయన ఒకటి, ఇతను ఒకటి, ఆరు నిమిషాలూ అట్టా మాటకి మాట. మీ స్పీకర్లో కుర్రాడు పోయాడు, ముసలాయన ఒక్కడే మిగిలాడు, అందుకే ఎందుకున్నాడో అంతుబట్టలా. అది స్పీకరు తప్పు, సరే. కానీ కాటమరాజు కథ చెవినపడితే ఇదేందని ఒకళ్ళనైనా అడగకపోవడం మీ తప్పు. అమెరికా వాళ్ళ మార్కులు నేర్చుకోడానికి ఓపిక ఉంది, పక్క జిల్లా పాట కనుక్కోడానికి లేకపాయె.

చేపలపులుసు

మొత్తానికి నెల్లూరోడు మళ్ళీ పుల్లరి అడిగాడు. ఈసారి ఐదున్నర.

పెన్నకట్ట

అమ్మాయ్, ఒప్పుకుంటా. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, ఆ వాక్యం రాసినందుకు నాకే తలకొట్టేసినట్టుంది. పొద్దున మా ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసుకొని మిద్దె మీద కూర్చొని మూడు తూర్లు విన్నా. టోలు అన్న మాట మొదటిసారి వినపడినప్పుడు లేచి నిలబడ్డా.

అయితే ఒకటి అడగనీ. ఆల్బం పేజీలో ఆ కథ గురించి ఒక్క ముక్క ఎందుకు లేదు? గిటారు ఎవరు, డ్రమ్ములు ఎవరు, బొమ్మ గీసింది ఎవరు, అన్నీ రాశారు. ఆరు నిమిషాలు పాడిన ముసలాయన పేరు లేదు. నేను అడగలేదు, సరే. వాళ్ళూ చెప్పలేదు గదా.

కనిగిరి పిల్ల

పేరు లేదా? నేను చూడలేదు. ఇప్పుడు చూశా. నిజమే, లేదు.

అది మాత్రం రాయండన్నా. ఐదున్నర తీసేసి అది రాయండి. బొమ్మ గీసినోళ్ళ పేరుండి ఆయన పేరు లేకపోవడం ఏంది?

పొగతోట

నేను ఇంకా అదే మాట మీద ఉండా. పేరు సంగతి వాళ్ళకి ఫోన్ చేసి చెప్పొచ్చు. రెండొందల మంది ముందు చెప్పాల్సిన పని లేదు.

సింగరాయకొండ

ఫోన్లో చెబితే మర్చిపోతారన్నా. నేనూ అంతే.

ఆత్మకూరు బస్టాండు (నెల్లూరు)

నేను కొత్త. గంట నుంచి చదువుతుండా. గొంతు, బావి, పుల్లరి, ఘంటసాల, అంతా అయింది. ఇంతకీ ఆ ఆల్బం పేరేంది సామీ? బాగాలేదన్న సంగతి ఊరంతా చదవాల, పాట మాత్రం మీ గ్రూపులో ఉన్నోళ్ళే వినాల్నా? రచ్చ వద్దని పేరు దాచారంట. రచ్చ ఎట్టాగూ అయింది, వాళ్ళకి దక్కాల్సిన నాలుగు ప్లేలు కూడా ఆపినట్టైంది.

పొగతోట

ఈయన చెప్పిందానికి నేను సంతకం పెడతా.

పెన్నకట్ట

సరే. లింకు నా ప్రొఫైల్లో పెట్టా, ముందు అది నొక్కండి.

మూడో పాట మీద రాసిన పేరా తీసేసి మళ్ళీ రాస్తుండా. మోనో సంగతి, ముసలాయన పేరు సంగతి రెండూ అందులో ఉంటయ్. ఐదు నుంచి ఏడు దాకా రాసింది మాత్రం మార్చను, ఇయర్‌ఫోన్లలో కూడా అవి ఒకే పాటలాగానే ఉండాయి. మాష్టారి మాట ప్రకారం నెలాఖరుకి ఇంకో తూరి వింటా. మార్కులు ఉంచాలా తీసెయ్యాలా అనేది ఇంకా తేలలా.

మైకుసెట్టు

వినేవాళ్ళు మూడో పాట ముందు ఒక్క స్పీకర్లో వినండి, తర్వాత ఇయర్‌ఫోన్లలో. తేడా మీకే తెలుస్తది.

రేడియో మాష్టారు

నా దగ్గర ఇయర్‌ఫోన్లు లేవు. మనవడు ట్యూషన్ నుంచి రానీ, అడుగుతా.