కోనసీమలో కాలువ పక్క కొబ్బరి తోట: పెట్టుబడిగా కొనవచ్చునా?

హైదరాబాదు ఉద్యోగి:
సఖినేటిపల్లి మండలంలో, అంతర్వేది వెళ్లే దారికి దగ్గరగా, పంట కాలువను ఆనుకుని ఇరవై సెంట్ల కొబ్బరి తోట అమ్మకానికి వచ్చింది. గట్టు వైపు నాలుగు గదులు కట్టి పర్యాటకులకు అద్దెకిస్తే ఖర్చులు పోను బాగానే మిగులుతుందని, భూమి ధర ఎలాగూ పెరుగుతుందని మధ్యవర్తి చెబుతున్నారు. ఆ ప్రాంతంలో మాకు బంధువులెవరూ లేరు. కొనమంటారా?

రాజోలు ప్రాంతవాసి:
ఆ తోటను మీరు ఏ నెలలో చూశారండీ? సంక్రాంతికి వచ్చినవారికి కాలువ నిండుగా కనిపిస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) ముగిశాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు మీ గదుల ముందు మిగిలేది నెర్రెలిచ్చిన బురద, కుళ్లుతున్న గుర్రపుడెక్క. ఊరి చెరువును ముందుగానే నింపుకుని ఆ నీటినే పొదుపుగా వాడుకుంటాము, ఎందుకంటే తీరం దగ్గరి గ్రామాలలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. మా పెరటి బోరు నీటితో కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉండిపోతుంది. ఆ నీటితో అతిథులకు వండిపెట్టలేరు.

ఇక హక్కుల సంగతి. కాలువ గట్టు ప్రభుత్వానిది. అమ్మేవారు గట్టును కూడా తమ తోటలో కలిపి చూపడం ఇక్కడ కొత్త కాదు. పంచాయతీ ఇచ్చిన ఇంటిపన్ను రసీదును యాజమాన్యానికి రుజువుగా చూపిస్తే నమ్మకండి. అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు), ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) చూసుకోవడంతో ఆగకుండా, సర్వేయరు చేత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) ప్రకారం హద్దులు కొలిపించండి. ఆ సర్వే నంబరు, రిజిస్ట్రేషన్లు చేయని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అది పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి అయితే, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం కొనుగోలు చిక్కుల్లో పడవచ్చు. ఆటుపోట్లు తగిలే పాయకో ఉప్పుటేరుకో దగ్గరైతే తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు కూడా అడ్డు రావచ్చు.

దిండి దగ్గర మూడు గదులు నడిపే గృహిణి:
పై వారు చెప్పిన జాగ్రత్తలన్నీ అవసరమే. అయినా అందుకని కొనవద్దంటే నేను ఒప్పుకోను. 216వ జాతీయ రహదారి వచ్చాక రాకపోకలు సులభమయ్యాయి. సంక్రాంతికి, కార్తీకంలో, భీష్మ ఏకాదశి నాటి అంతర్వేది రథోత్సవానికి మా గదులు ఖాళీగా ఉండవు. అయితే ఆ అతిథుల కోసం తెల్లవారుజామున లేచి ఇడ్లీ పిండి చూసుకునేది నేనే, కరెంటు పోతే జనరేటరు వేసేది మా వారే. హైదరాబాదులో కూర్చుని జీతగాడి మీద వదిలేస్తే ఈ వ్యాపారం నిలవదు. రైలు వస్తుందన్న ఆశతో ఎక్కువ ధర పెట్టకండి. 2000–01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం మార్గం కోసం మా తరం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

మలికిపురం మండలం రైతు:
లాభనష్టాల కన్నా నన్ను బాధించే సంగతి ఒకటుంది. మా పక్క తోటను బయటివారు కొని, మెరక చేయడం కోసం మధ్యలో ఉన్న బోదెను (మురుగు నీరు పోయే చిన్న కాలువను) మట్టితో పూడ్చేశారు. అప్పటినుంచి వానాకాలంలో వారి నీరు, మా నీరు కలిసి మా చెట్ల మొదళ్లలోనే రోజుల తరబడి నిలిచిపోతున్నది. మురుగు పోయే దారి లేక, గిట్టుబాటు లేక 2011లో ఈ సీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించారంటే ఇక్కడ బోదె ఎంత విలువైనదో అర్థం చేసుకోండి. శంకరగుప్తం డ్రెయిన్ అనే మురుగు కాలువ గుండా సముద్రపు పోటు నీరు ఎగదన్ని, కేశనపల్లి వైపు కొబ్బరిచెట్లు తలలు వాల్చేసి మోడులయ్యాయి. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల (నది మధ్య దీవుల) ప్రజలు పడవల మీద బయటికి వచ్చారు. ఈ నేలను సాకేవారు కొంటే నాకు అభ్యంతరం లేదు. ధర పెరిగేదాకా తాళం వేసి ఉంచేవారి తోటలో దింపు తీసేవారుండరు (కాయలు దించేవారుండరు), బోదె తవ్వేవారుండరు, ఆ నష్టమంతా చుట్టుపక్కల వారికే చుట్టుకుంటుంది.

హైదరాబాదు ఉద్యోగి:
బయానా ఇవ్వడం ఆపాను. తోటకు వెళ్లే దారి గట్టు మీదుగానే ఉందని, పత్రాలలో వేరే దారి హక్కు లేదని ఇవాళే తెలిసింది. కాలువ కట్టేసిన రోజుల్లో సర్వేయరును వెంటబెట్టుకుని వస్తాను.

రాజోలు ప్రాంతవాసి:
దారి హక్కు రాసివ్వడానికి పక్క రైతు ఒప్పుకుంటారో లేదో ముందు వారి అరుగు మీద కూర్చుని అడగండి. వచ్చేటప్పుడు ఖాళీ సీసా ఒకటి తెచ్చుకోండి; ఆ తోట బోరు నీరు పట్టుకెళ్లి పరీక్ష చేయించి, ఆ ఫలితం చేతికి వచ్చాకనే ధర మాట్లాడండి.