పూతరేకుల పెట్టె మీద మా నాయనమ్మ పేరు: ట్రేడ్‌మార్కు నమోదు గురించి సలహా కావాలి

ప్రశ్న అడిగినవారు: రేకులఇల్లు

అందరికీ నమస్కారం. మాది కోనసీమ జిల్లా ఆత్రేయపురం మండలంలోని ఒక ఊరు. మా నాయనమ్మగారు పెరటి చావిట్లో బోర్లించిన కుండ మీద రేకులు తీసి, పెళ్లిళ్లకూ పండుగలకూ చుట్టి ఇచ్చేవారు. 1998లో మా నాన్నగారు అట్టపెట్టెల మీద ఆవిడ పేరు అచ్చు వేయించి, ఆ పేరుతోనే వ్యాపారం మొదలుపెట్టారు. ఇప్పుడు మా దగ్గర ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ రకాలను హైదరాబాదుకూ బెంగళూరుకూ కొరియర్‌లో పంపుతున్నాము.

పోయిన సంక్రాంతి తరువాత హైదరాబాదు నుంచి ఒక పాత ఖాతాదారు ఫోన్ చేసి, నెయ్యి మక్కు వాసన వస్తోందనీ, రేకులు పొడిపొడిగా రాలిపోతున్నాయనీ కోప్పడ్డారు. ఆయన ఆ పెట్టెను జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక దుకాణంలో కొన్నారట. వాట్సాప్‌లో పంపిన ఫొటో చూస్తే, పెట్టె మీద మా నాయనమ్మ పేరే ఉంది. ముందు "శ్రీ" అని ఒక్క మాట తగిలించారు, అంతే. ఆకుపచ్చ అంచు, అక్షరాల వంపు, చివరికి మూత మీది కొబ్బరాకు బొమ్మ కూడా మాదే. ఫోన్ నంబరు ఒక్కటే వేరు. ఆయన మాకు ఫోన్ చేయగలిగింది కూడా ఇంట్లో మా పాత పెట్టె ఉండబట్టే.

మాకు ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, జీఎస్టీ నంబరు, ఉద్యమ్ ధ్రువపత్రం ఉన్నాయి. ఇన్నాళ్లూ ఇవి ఉంటే పేరు మాదే అవుతుందని అనుకున్నాము. ఇప్పుడు ట్రేడ్‌మార్కు తీసుకోవాలంటే "ఆత్రేయపురం పూతరేకులు" అన్న మాటలను కూడా కలిపి నమోదు చేయించుకోవచ్చా? ఎంత ఖర్చవుతుంది? ఇంకొక చిక్కు కూడా ఉంది. మా బాబాయిగారు 2011 నుంచి రాజమండ్రిలో ఇదే పేరుతో, నాన్నగారి సమ్మతితోనే దుకాణం నడుపుతున్నారు. దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలో తెలియడం లేదు. నా అసలు పేరునూ వ్యాపారం పేరునూ ఇక్కడ రాయనందుకు మన్నించగలరు.

జవాబు రాసినవారు: గిండీవకీలు

నేను చెన్నైలో ట్రేడ్‌మార్కు వ్యవహారాలు చూస్తాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు చెన్నై ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ (నమోదు కార్యాలయం) పరిధిలోకే వస్తాయి కాబట్టి మీలాంటి వారి కాగితాలు తరచుగా నా బల్ల మీదికి వస్తుంటాయి. ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఆహార భద్రతకు సంబంధించినది, జీఎస్టీ పన్నుకు సంబంధించినది, ఉద్యమ్ మీ సంస్థ పరిమాణాన్ని చెబుతుంది. ఈ మూడింటిలో ఏదీ పేరు మీద హక్కు ఇవ్వదు. కంపెనీ పేరు నమోదు చేయించుకున్నా, వెబ్‌సైటు పేరు కొనుక్కున్నా అంతే. అయితే వీటికి సాక్ష్యంగా విలువ ఉంది.

ఊరి పేరూ తినుబండారం పేరూ ఎవరి సొత్తూ కావు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, సరుకు ఏమిటో, ఎక్కడిదో మాత్రమే చెప్పే మాటలను ఒకరి చిహ్నంగా నమోదు చేయరు. మీరు లేబుల్ మొత్తాన్ని బొమ్మతో సహా దాఖలు చేస్తే ఆ మాటలు అందులో ఉండవచ్చు, కానీ 17వ సెక్షన్ వల్ల వాటి మీద విడిగా హక్కు రాదు. మీ బలమంతా నాయనమ్మగారి పేరులో ఉంది. అందుచేత నా సలహా ఏమిటంటే, ముందు ఆ పేరును ఒట్టి పదంగా ఒక దరఖాస్తు పెట్టండి. చేతిలో డబ్బు ఆడితే, ఆ ఆకుపచ్చ అంచు లేబుల్‌కు రెండవ దరఖాస్తు పెట్టండి. పదం నమోదైతే ఎదుటివాడు అక్షరాల వంపు మార్చినా, ముందు "శ్రీ" పెట్టినా తప్పించుకోవడం కష్టం. లేబుల్ ఒక్కటే నమోదైతే బొమ్మ మార్చి బయటపడటానికి చూస్తాడు. తెలుగు లిపిలో దాఖలు చేసేటట్లయితే, దాని ఉచ్చారణనూ అర్థాన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో జతపరచాలి.

నమోదు కోసం సరుకులను రకాన్ని బట్టి తరగతులుగా విభజిస్తారు, పూతరేకులు 30వ తరగతి కిందికి వస్తాయి. టీఎం-ఎ అనే దరఖాస్తు ఫారాన్ని ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే, వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఒక తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు, మిగతా వారికి 9,000. ఎవరైనా "ప్యాకేజీ" అని పాతిక వేలు అడిగితే, అందులో రుసుము ఎంత, వారి ఫీజు ఎంత అని విడదీసి అడగండి. దాఖలుకు ముందు రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. అక్కడ ఉచ్చారణ పోలికతో వెతికే మార్గం కూడా ఉంది, దాన్ని తప్పక వాడండి. మన తెలుగు పేరు ఒక్కటే ఇంగ్లీషు అక్షరాల్లో అయిదారు రకాలుగా కనిపిస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది వాడుక తేదీ. దరఖాస్తులో "వాడబోతున్నాము" అన్న గడిని నొక్కితే మీ పాతికేళ్ల చరిత్రను మీరే కొట్టేసుకున్నట్లు. ఎప్పటి నుంచి వాడుతున్నారో రాసి, అఫిడవిట్‌తో పాటు రుజువులు జతపరచాలి. 34వ సెక్షన్ ముందుగా వాడుకలోకి తెచ్చిన వారిని కాపాడుతుంది. తిరునెల్వేలిలోని ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2015లో ఇదే చెప్పింది. ఎదుటివారు ఆ పేరుకు ముందు "తిరునెల్వేలి" అని ఊరి పేరు చేర్చి రిజిస్ట్రేషన్ కూడా సంపాదించారు. అయినా ముందు నుంచి వాడుతున్నవారి హక్కే పైచేయి అని న్యాయస్థానం తేల్చింది. మీ "శ్రీ" వ్యవహారానికి ఇది దగ్గరి చుట్టం.

అలాంటప్పుడు నమోదు ఎందుకు అని మీరు అడగవచ్చు. నమోదు లేని పేరు విషయంలో, మీకు మంచిపేరు ఉందనీ, జనం మోసపోతున్నారనీ, నష్టం జరిగిందనీ ప్రతిదీ మీరే నిరూపించాలి. నమోదై ఉంటే ఆ భారం చాలా తగ్గుతుంది. పైగా 134వ సెక్షన్ ప్రకారం, మీరు వ్యాపారం చేస్తున్న చోటనే, జిల్లా కోర్టుకు తగ్గని కోర్టులో దావా వేయవచ్చు.

జవాబు రాసినవారు: గుంటూరుకారం

వకీలు గారు చెప్పినదంతా నిజమే. నేను దెబ్బతిన్న చోటు ఒకటి చెబుతాను. మాది పచ్చళ్లు, కారప్పొడుల వ్యాపారం. పొడులు 30వ తరగతి, ఊరగాయలు 29వ తరగతి కాబట్టి రెండు రుసుములు కట్టాము. దరఖాస్తు పెట్టిన ఏజెంటు ఈమెయిల్ గడిలో తన చిరునామానే ఇచ్చాడు. కొన్ని నెలలకు రిజిస్ట్రీ నుంచి పరీక్షా నివేదిక (దరఖాస్తు మీద రిజిస్ట్రీ అభ్యంతరాలు తెలిపే కాగితం) వచ్చింది, దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. అతను చూడలేదు, మాకు చెప్పనూ లేదు. దరఖాస్తును వదులుకున్నట్లుగా పరిగణించారని మాకు తెలిసేసరికి ఏడాదిన్నర గడిచింది. మళ్లీ మొదటి నుంచి రుసుము కట్టాము. డబ్బు పోతే పోయింది. నమోదు ఎప్పుడు పూర్తయినా హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్కకు వస్తుంది కాబట్టి, పాత తేదీ పోవడమే అసలు నష్టం. మీ సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు ఇవ్వండి, నెలకొకసారి దరఖాస్తు నంబరుతో స్థితి చూసుకోండి.

రుజువుల విషయంలో మాకు అమ్మకపు బిల్లులకన్నా లేబుళ్లు అచ్చు వేసిన ప్రెస్సు బిల్లులే ఎక్కువ ఉపయోగపడ్డాయి. అమ్మకపు బిల్లులో "పచ్చడి 2 కిలోలు" అని ఉంటుంది తప్ప బ్రాండు పేరు ఉండదు. ప్రెస్సు బిల్లులో మాత్రం పేరు, తేదీ, సంఖ్య మూడూ ఉంటాయి. వ్యాట్ కాలం నాటి రిటర్నులు, పంచాయతీ లైసెన్సు, స్థానిక పత్రికల్లో వేసిన ప్రకటనలు ఏవి దొరికినా వదలవద్దు.

ఇంకొక్క మాట. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు, కానీ వలయంలోని ఆర్ గుర్తును ధ్రువపత్రం వచ్చేదాకా వేయకండి. నమోదు కానిదాన్ని నమోదైనట్లు చూపడం చట్టరీత్యా తప్పు.

జవాబు రాసినవారు: కుండమీదరేకు

నేను కూడా మీ మండలం వాడినే, మా ఇంట్లోనూ ఇదే పని. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అది తయారీదారుల సంఘం పేరిట ఉన్నది, ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. కానీ మనలాంటి తయారీదారులు అధీకృత వినియోగదారులుగా (ఆ గుర్తింపును వాడుకునే హక్కు ఉన్నవారిగా) విడిగా నమోదు చేయించుకోవచ్చు. ఆ దరఖాస్తు చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీకి వెళుతుంది. చాలామంది ఇదీ ట్రేడ్‌మార్కూ ఒకటే అనుకుని ఏదో ఒకటి చాలని వదిలేస్తున్నారు. ట్రేడ్‌మార్కు ఈ పెట్టె మీ ఇంటిదని చెబుతుంది, భౌగోళిక గుర్తింపు ఈ రేకు మన ఊరిదని చెబుతుంది. ఆ రహదారి దుకాణం వారు ఎక్కడో తయారైన రేకులను ఆత్రేయపురం పేరుతో అమ్ముతున్నట్లు తేలితే, వారి మీద రెండవ దారి కూడా తెరుచుకుంటుంది. అందుకని ఆ పెట్టెనూ బిల్లునూ పారేయవద్దని మీ ఖాతాదారుకు వెంటనే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: రేకులఇల్లు

అందరికీ కృతజ్ఞతలు. ఆయన పెట్టెను పారేయలేదు, కొరియర్‌లో పంపుతున్నారు. నిన్న నాన్నగారూ నేనూ అటక మీది ట్రంకు పెట్టె దించాము. రాజమండ్రిలోని ఒక ప్రెస్సు ఇచ్చిన బిల్లు దొరికింది. అయిదు వందల లేబుళ్లు, నాయనమ్మ పేరు, 1999 ఆగస్టు. అంతకు ముందుది ఏదీ కనిపించలేదు. మొదలుపెట్టింది 1998 దసరాకేనని నాన్నగారు గట్టిగా అంటున్నారు. ఏ తేదీ రాయాలి? బాబాయిగారి విషయం కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు రాసినవారు: గిండీవకీలు

1999 ఆగస్టు రాయండి. నాన్నగారి మాట అబద్ధమని నేను అనను, కానీ అఫిడవిట్ అంటే ప్రమాణం. ఎదుటివారి వకీలు మొదట వెతికేది మీరు రాసిన తేదీకీ, మొదటి కాగితానికీ మధ్య ఉన్న ఖాళీనే. పది పదకొండు నెలల కోసం మిగతా పాతికేళ్ల మాట మీద అనుమానం రానివ్వకండి. తేదీని తరువాత వెనక్కు జరుపుకోవడం దాదాపు అసాధ్యమని కూడా గుర్తుంచుకోండి.

బాబాయిగారిని పక్కన పెట్టి ఒక్కరి పేరున దాఖలు చేస్తే, ఆయన మంచివారైనా రేపు వారి పిల్లలు ఊరుకుంటారని చెప్పలేము. దరఖాస్తు రిజిస్ట్రీ వారి జర్నల్‌లో ప్రచురితమైన నాలుగు నెలల్లో ఎవరైనా వ్యతిరేకత దాఖలు చేయవచ్చు. నమోదయ్యాక కూడా రద్దు కోరవచ్చు. అన్నదమ్ముల వ్యాజ్యంలో లాభపడేది ఆ రహదారి దుకాణమే. రెండు దారులున్నాయి. ఇద్దరినీ ఉమ్మడి యజమానులుగా చూపి ఒకే దరఖాస్తు పెట్టవచ్చు. లేదా నాన్నగారు యజమానిగా ఉండి, బాబాయిగారికి రాజమండ్రి దుకాణం వరకు వాడుక హక్కు ఇస్తూ, నెయ్యి, రేకు నాణ్యత ఎలా ఉండాలో, ఆయన తరువాత ఆ హక్కు ఎవరికి పోతుందో స్పష్టంగా రాసి ఒప్పందం చేసుకోవచ్చు. నేనైతే రెండవదే మంచిదంటాను, ఎందుకంటే ఉమ్మడి ఆస్తిలో ఒకరు వేరుపడితే పేరును ముక్కలు చేయడం కుదరదు. ఇన్నాళ్లూ నోటిమాటగా ఉన్న సమ్మతిని ఇప్పుడు కాగితం మీద పెట్టండి, అది 2011 నుంచి అమల్లో ఉన్నదని అందులోనే రాయించండి.

రహదారి దుకాణానికి నోటీసు పంపడానికి ధ్రువపత్రం దాకా ఆగనక్కరలేదు. నమోదు లేకపోయినా, మీ సరుకు పేరిట తమ సరుకు చలామణీ చేస్తున్నారని దావా వేసే హక్కును 27వ సెక్షన్ నిలిపి ఉంచింది. దరఖాస్తు నంబరు వచ్చిన మరునాడే నోటీసు పంపండి. వాళ్ల పెట్టె, మీ పెట్టె ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోను దానికి జతచేయండి. చాలాసార్లు ఆ ఫొటో చూసిన తరువాత కోర్టు దాకా వెళ్లే అవసరం రాదు.