రాత్రంతా రికార్డు చేసిన చప్పుళ్లు: వేవ్ దాచాలా, ఎంపీ3 చాలా?

చెరువుగట్టు:
మా ఊరి చెరువు దగ్గర రాత్రిళ్లు కప్పలు, కీచురాళ్లు, వాన రికార్డు చేస్తున్నాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో వేవ్ (ఏ కుదింపూ లేని ఫైలు). 8 గంటలకి 8 జీబీ దాటుతోంది, డిస్క్ నిండిపోతోంది. 320 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) ఎంపీ3 చేస్తే 1.15 జీబీకి వస్తుంది, వింటే తేడా కూడా తెలియట్లేదు. మార్చేసి వేవ్‌లు డిలీట్ చేసేయొచ్చా?

పాతరేడియో:
చేసేయండి. రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకోవడానికైతే 320 కూడా ఎక్కువే, ఎంపీ3 లాగే కుదించే ఇంకో ఫార్మాట్ ఓపస్, అది 128లో పెడితే గంటకి 58 ఎంబీ లోపే. మీ చెవికి తెలియని తేడా కోసం డిస్కులు కొనడం ఎందుకు?

కీచురాయి:
దయచేసి అప్పుడే డిలీట్ చేయకండి అన్నా. వినడానికి ఓపస్ బాగుంటుంది, అందులో గొడవ లేదు. కానీ ఎంపీ3 అయినా ఓపస్ అయినా పని చేసేది ఒకే లెక్క మీద: పెద్ద చప్పుడు పక్కన దాదాపు అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న చిన్న చప్పుడు మనిషి చెవికి ఆనదు కాబట్టి దానికి బిట్లు తగ్గించేస్తాయి. పాటకి అది సరిపోతుంది. చెరువు రికార్డింగులో మనకి కావాల్సింది చాలాసార్లు ఆ చిన్న చప్పుడే కదా. రేపు మీరు ముందున్న కీచురాళ్ల రొదని ఫిల్టర్‌తో తగ్గించి, వెనకాల దూరంగా అరిచే పిట్టని పైకి తేవాలనుకుంటే, అప్పటిదాకా రొద చాటున దాగిన నష్టమంతా బయటపడుతుంది. రాత్రి రికార్డింగులు ఎలాగూ తక్కువ లెవెల్‌లో ఉంటాయి, వాడాలంటే చాలాసార్లు బాగా పెంచాల్సి వస్తుంది.

వాన ఇంకా కష్టం. అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేసారి మోగుతుంది, ఎక్కడా ఒక స్వరం ఉండదు. 128 ఎంపీ3లో వాన విని చూడండి, చినుకులు కలిసిపోయి గులగులమని ఏదో తిరుగుతున్నట్టు ఉంటుంది. స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత చప్పుడుందో చూపే బొమ్మ) తెరిస్తే దాదాపు 16 కిలోహెర్ట్జ్ పైన అంతా నలుపే. ఓపస్ 20 దగ్గర ఆపేస్తుంది. మీ వేవ్‌లో 24 దాకా ఉంటుంది, కొన్ని మిడతలు ఆ పైభాగంలోనే పాడతాయి.

ఏదీ పోకుండా కుదించే ఫార్మాట్ ఫ్లాక్ ఉంది, అది చేయండి. ఒక్క శాంపిల్ (సెకనుకి 48 వేల సార్లు తీసే శబ్దపు కొలత) కూడా పోదు, కావాలంటే మళ్లీ అదే వేవ్ తీసుకోవచ్చు. ప్రశాంతమైన రాత్రి సగానికి దగ్గరగా దిగుతుంది, జోరువాన మాత్రం పెద్దగా తగ్గదు, ఎందుకంటే ఫ్లాక్ తర్వాతి శాంపిల్‌ని ముందే అంచనా వేసి ఆదా చేస్తుంది, వానలో అంచనాకి ఏమీ దొరకదు. ఇంకోటి, మామూలు వేవ్‌కి 4 జీబీ హద్దు ఉంది. మీ సెట్టింగ్‌లో నాలుగు గంటల పైచిలుకుకే అది వచ్చేస్తుంది, రికార్డర్ ముక్కలు చేసేది అందుకే. ముక్కలన్నీ కలిపి ఒకే ఫ్లాక్‌గా దాచుకోవచ్చు.

పాతరేడియో:
సగం చేసినా వంద రాత్రులకి 400 జీబీ పైనే. అన్ని గంటలు మళ్లీ ఎవరు వింటారు? నన్నడిగితే ఫార్మాట్ సంగతి తర్వాత, ముందు ఏరుకోవడం నేర్చుకోవాలి.

కీచురాయి:
ఏరుకోవడానికి నేనూ ఒప్పుకుంటాను. మోటారు పంపు మోగిన గంటలు, మైకు మీద గాలి కొట్టిన గంటలు తీసేయండి. కానీ ఉంచినవి పూర్తిగా ఉంచండి, అన్నిటినీ కొంచెం కొంచెం పాడుచేసి దాచొద్దు. పిట్టల కూతలు దాచే మెకాలే లైబ్రరీ కూడా అసలు వేవ్‌నే పంపమంటుంది, ఎంపీ3ని తిరిగి వేవ్ చేసి పంపితే పోయింది రాదు కదా. అన్నీ మనిషే వినక్కర్లేదు కూడా, కూతని బట్టి పిట్టని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ బర్డ్‌నెట్‌కి ఇస్తే మూడేసి సెకన్ల ముక్కలుగా చూసి ఏ పిట్ట ఎక్కడ అరిచిందో చెబుతుంది.

చెరువుగట్టు:
సరే, ఫ్లాక్ చేస్తాను. మార్చాక వేవ్ తీసేసే ముందు ఏం చూసుకోవాలి?

కీచురాయి:
మార్చేటప్పుడే వెరిఫై ఆప్షన్ పెట్టండి, రాసింది మళ్లీ విప్పి అసలుతో పోలుస్తుంది. ఫైల్లోనే ఎండీ5 గుర్తు (అసలు శబ్దం నుంచి లెక్కకట్టిన వేలిముద్ర లాంటి సంఖ్య) ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి టెస్ట్ నడిపితే డిస్క్ ఏమైనా చెడగొట్టిందా అన్నది తెలుస్తుంది. రెండో కాపీ వేరే డిస్క్‌లోకి ఎక్కాకే వేవ్ తీయండి.